శంకర్ సినిమా ఎక్కడ దారి తప్పింది?

దర్శకుడు శంకర్ తర్వాతి చిత్రం 'వేళ్పారి' అన్న మాట వినిపించినప్పుడల్లా వెంటనే ఒక ప్రశ్న లేస్తోంది: అంత డబ్బు మళ్ళీ ఆయన చేతిలో పెట్టే సాహసం ఎవరు చేస్తారు? 2024 జూలైలో 'భారతీయుడు 2', 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్'. ఆరు నెలల తేడాతో రెండు భారీ చిత్రాలు బోల్తా పడ్డాయి. అదే ఏడాది జూన్‌లో మణిరత్నం 'థగ్ లైఫ్' కూడా నిలబడకపోవడంతో గొడవ ఒక మనిషిని దాటి ఒక తరం మీదికి మళ్ళింది. పెద్ద దర్శకుల పని అయిపోయిందని, వయసు మీద పడ్డాక పట్టు జారక తప్పదని తీర్పులు వచ్చేశాయి.

'జెంటిల్‌మన్', 'ప్రేమికుడు' నాటి వైభవం మళ్ళీ చెప్పుకోనక్కర లేదు. తెలుగు ప్రేక్షకుడికి అదంతా కంఠోపాఠం. ఇప్పటి గొడవకు మూలం అక్కడ లేదు, 2008 ఫిబ్రవరి 27న ఉంది. ఆ రోజు చెన్నైలో రచయిత సుజాత కన్నుమూశారు.

సుజాత అసలు పేరు ఎస్. రంగరాజన్. భార్య పేరునే కలంపేరుగా పెట్టుకున్న ఇంజినీరు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లో పనిచేస్తూ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం రూపకల్పనలో పాలుపంచుకున్నారు. తమిళంలో విజ్ఞాన కల్పనకు వేలాది పాఠకులను సంపాదించిపెట్టారు. 'భారతీయుడు', 'ఒకే ఒక్కడు', 'బాయ్స్', 'అపరిచితుడు', 'శివాజీ' తమిళ మాతృకలకు మాటలు ఆయనవే. 'రోబో' సంభాషణల్లోనూ ఆయన పేరుంది కానీ, చిత్రీకరణ మొదలయ్యే నాటికి ఆయన లేరు. తెలుగులో మనం విన్నది శ్రీరామకృష్ణ వంటి అనువాద రచయితల మాటలు కాబట్టి, శంకర్ పక్కన అలాంటి మనిషి ఉండేవాడన్న సంగతే ఇక్కడ చాలామందికి పట్టలేదు. పోస్టరు మీద శంకర్ పేరు చూశాం, రెహమాన్ పాట విన్నాం, అంతే.

సుజాత ఉండటం వల్ల వచ్చిన తేడా ఎంతటిదో తెలియాలంటే 'ఒకే ఒక్కడు'లోని ఇంటర్వ్యూ ఘట్టాన్ని మరోసారి చూడాలి. ఒక విలేకరి ఒక్కరోజు ముఖ్యమంత్రి కావడం నమ్మశక్యమైన విషయం కాదు. మామూలు సినిమా అయితే ఏ పోటీలోనో గెలిపించి కుర్చీలో కూర్చోబెట్టేది. ఇక్కడ ఆ అసంభవం ఒక వాదనలోంచి పుడుతుంది. విలేకరి అడుగుతూ పోతాడు. ముఖ్యమంత్రి దగ్గర ప్రతి ప్రశ్నకూ ఏదో ఒక సమాధానం ఉంటుంది, అవి పూర్తిగా తప్పని కూడా అనలేం. మూలకు నెట్టబడ్డాక తన పదవిలోని సాధకబాధకాలు ఏకరువు పెడతాడు. అవి సాకులని అవతలి వాడు అంటాడు. అయితే నువ్వే ఒక రోజు చేసి చూడు అన్న సవాలు అప్పుడు వస్తుంది. ముఖ్యమంత్రిగా వేసిన రఘువరన్ పాత్రకు కూడా తర్కం ఉంది కాబట్టే ఆ సవాలును ప్రేక్షకుడు నమ్మాడు. ప్రతినాయకుడి వైపు నుంచి కూడా ఆలోచించగలిగిన రచన అది.

'భారతీయుడు'లోనూ అంతే. కాలిన గాయాలతో కూతురు ప్రాణం మీదికి వచ్చినా తండ్రి సేనాపతి లంచం ఇవ్వడు, కూతురు చనిపోతుంది. కొడుకు లంచం తీసుకుని, బ్రేకులు సరిగా లేని బస్సుకు ధ్రువపత్రం ఇస్తాడు, బడిపిల్లలు చనిపోతారు. లంచగొండుల మీద సేనాపతి ఎత్తిన కత్తి చివరికి కొడుకు దగ్గరికే వస్తుంది. అవినీతి మీద ఉపన్యాసాలు అందులోనూ ఉన్నాయి, కాకపోతే వాటి ఖరీదు సేనాపతి తన ఇంట్లోనే చెల్లించాడు. రెండో భాగంలో అదే సేనాపతి సామాజిక మాధ్యమాల్లో ప్రత్యక్షమై, మీ మీ ఇళ్ళు మీరే శుభ్రం చేసుకోండని యువతకు పిలుపునిస్తాడు. ఈసారి ఖరీదు చెల్లించేది ఎవరో కుర్రవాడు. ఆలోచన చెడ్డదేమీ కాదు, కాగితం మీద మొదటి భాగానికి దీటైనదే. కానీ మూడు గంటల నిడివిలో ఆ కుర్రవాడి ఇంటి కన్నా శిక్షల విన్యాసాలే ఎక్కువ చోటు ఆక్రమించాయి. విడుదలైన కొద్ది రోజులకే 12 నిమిషాలు కత్తిరించాల్సి వచ్చింది.

సుజాత పోయాక వచ్చిన చిత్రాలను వరసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. 2012లో 'స్నేహితుడు' బాగానే ఆడింది, కానీ అది హిందీ నుంచి తెచ్చుకున్న కథ. 2015లో 'ఐ', 2018లో '2.0' చూసినవాళ్ళు విక్రమ్ శ్రమ గురించి, గ్రాఫిక్స్ గురించి మాట్లాడుకున్నారు గానీ గుర్తుండిపోయిన మాట ఒక్కటి చెప్పమంటే తడుముకోవాలి. అప్పటికి జట్టులో మిగతావాళ్ళూ చెదిరిపోయారు. తొలి చిత్రాల ఛాయాగ్రాహకుడు జీవా 2007లో మరణించారు. 'ఒకే ఒక్కడు', 'శివాజీ' తీసిన కె.వి. ఆనంద్ దర్శకుడై తన దారి తాను చూసుకున్నారు.

వయసు వాదులు దీన్ని ఒప్పుకోరు. దర్శకులు వయసుతో పాటు దిగజారతారని, అందుకే పది సినిమాలతో ఆపేస్తానని క్వెంటిన్ టరంటినో ఏళ్ళ తరబడి చెబుతున్న మాటను వాళ్ళు ఉదాహరిస్తారు. కానీ 'గేమ్ ఛేంజర్' వచ్చేనాటికి శంకర్‌కు 61 ఏళ్ళు. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీసింది అరవయ్యో ఏట. రాఘవేంద్రరావు 63 ఏళ్ళకు 'శ్రీరామదాసు'తో మెప్పించారు. మార్టిన్ స్కోర్సెసీ 80 ఏళ్ళకు మూడున్నర గంటల సినిమా తీసి చూపించారు. బాపుకు 'శ్రీరామరాజ్యం' విడుదల నాటికి 77 దాటాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో పోయిన ముళ్ళపూడి వెంకటరమణ రాసిపెట్టి వెళ్ళిన చిత్రం అది. అరవై ఒకటికే మెదడు మొద్దుబారుతుందన్న సిద్ధాంతం వీళ్ళందరినీ మినహాయింపులుగా చూపించుకుంటే తప్ప నిలవదు.

రచయిత ఉంటే చాలునా అంటే అదీ కాదు. 'అన్నమయ్య', 'శ్రీరామదాసు' రాసిన జె.కె. భారవే 2017లో అదే రాఘవేంద్రరావుకు 'ఓం నమో వేంకటేశాయ' కూడా రాశారు, అది ఆడలేదు. '2.0', 'భారతీయుడు 2' రచనలో జయమోహన్ ఉన్నారు. నేటి తమిళ సాహిత్యంలో ఆయనది పెద్ద పేరు. అదే జయమోహన్ మణిరత్నం 'పొన్నియిన్ సెల్వన్'కు మాటలు రాస్తే 66 ఏళ్ళ దర్శకుడికి ఘనవిజయం దక్కింది. అక్కడ కింద తమిళ రచయిత కల్కి రాసిన నవల ఉంది. ఎంత పెద్ద దర్శకుడైనా కల్కి కథను ఇష్టం వచ్చినట్టు మార్చలేడు, తమిళనాడు ఊరుకోదు. మూడేళ్ళ తర్వాత 'థగ్ లైఫ్' రాసుకున్నది మణిరత్నం, కమల్ హాసన్. ఒకరిని ఒకరు కాదనలేని ఇద్దరు. శంకర్ కన్నా 28 ఏళ్ళు పెద్దవాడైన సుజాతకు ఉన్న చొరవ తర్వాత వచ్చిన ఏ రచయితకూ దక్కినట్టు తెర మీద కనిపించదు.

'గేమ్ ఛేంజర్' విషయంలో దీనికి సాక్ష్యం ఆ చిత్రానికి కథ ఇచ్చిన కార్తీక్ సుబ్బరాజే చెప్పారు. తానిచ్చింది నేల విడవని రాజకీయ కథ అని, తర్వాత చాలామంది రచయితలు వచ్చి చేరారని, కథ, కథనం మారిపోయాయని ఆయన బాహాటంగానే అన్నారు. కథ ఒకరిది, మాటలు సాయిమాధవ్ బుర్రావి, మధ్యలో ఇంకెందరివో చేతులు. పైగా శంకర్‌కు ఇది తొలి నేరు తెలుగు చిత్రం. రామ్‌చరణ్ తండ్రి పాత్ర అప్పన్న ఘట్టం చాలామందికి నచ్చిందంటే, అసలు కథ ఛాయ అక్కడ మిగిలి ఉండటమే కారణమని నా అనుమానం. ఎన్నికల అధికారి కథను ఓటింగ్ యంత్రం లోపలి భాగాలు తెలిసిన మనిషి రాసి ఉంటే ఎలా ఉండేదో అన్న ఊహ ఎలాగూ తీరేది కాదు.

నిర్మాతల మాట వేరు. పెద్ద దర్శకుడితో నిబంధనలు ముందే గట్టిగా రాసుకోకపోవడం తన పొరపాటన్నట్టు దిల్ రాజు తర్వాత మాట్లాడారు. పాటలకే సుమారు 75 కోట్లు అయిందని విడుదలకు ముందు గొప్పగా చెప్పుకున్నదీ ఆ వైపు వాళ్ళే. తీసిన దాంట్లో అయిదు గంటల సినిమా ఉందని, మంచి సన్నివేశాలు పోయాయని శంకర్ వాపోయారు. మొదట కూర్పు చేసిన షమీర్ మహమ్మద్ లెక్కలో అది ఏడున్నర గంటలు. ప్రేక్షకులకు రీల్స్ వల్ల ఓపిక తగ్గిందని, వేగంగా చెప్పాలని అదే దర్శకుడు ప్రచారంలో అన్నారు. ఏడున్నర గంటలు తీసి వేగం గురించి మాట్లాడటంలోనే అసలు సంగతి బయటపడింది: ఏది అక్కరలేదో రాత దశలో తేల్చే మనిషి లేకపోతే, ఆ పని కూర్పు బల్ల మీద పడుతుంది, అక్కడ అది నరకడమే అవుతుంది.

కాలం కూడా కలిసి రాలేదన్నది నిజమే. 2020 ఫిబ్రవరిలో 'భారతీయుడు 2' చిత్రీకరణలో క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత కరోనా. 2021లో, తమ చిత్రం పూర్తయ్యేదాకా శంకర్ వేరే సినిమా తీయకూడదంటూ దాని నిర్మాణ సంస్థ లైకా మద్రాసు హైకోర్టుకు వెళ్ళింది. 2022లో ఆగిన చిత్రం మళ్ళీ మొదలైంది. అప్పటి నుంచి రెండు భారీ చిత్రాలను ఒకే మనిషి అటూ ఇటూ తిరుగుతూ తీశారు. దీని నష్టం మోసినవాళ్ళకు కోపం ఉండటంలో తప్పు లేదు. అయితే 'ఐ'కి, '2.0'కి ఈ అడ్డంకులేవీ లేవు.

'వేళ్పారి' సు. వెంకటేశన్ నవల. ఆనంద వికటన్‌లో ధారావాహికగా వచ్చి తమిళ పాఠకులను కట్టిపడేసిన సంగం కాలపు కథ. దాని హక్కులు తన దగ్గరున్నాయని, అందులోని ఘట్టాలను ఇతరులు వాడుకుంటే ఊరుకోనని 2024 సెప్టెంబరులో శంకర్ హెచ్చరించారు. నవల ఉంది కనుక 'పొన్నియిన్ సెల్వన్' దారిలో ఇదీ గట్టెక్కుతుందని ఆశపడేవాళ్ళు ఉన్నారు. దానికి ముందు తేలవలసినది మరొకటి ఉంది. 'భారతీయుడు 2' చివర్లోనే మూడో భాగం దృశ్యాలు చూపించారు. డబ్బు, పంపకాల గొడవల్లో చిక్కుకున్న ఆ చిత్రాన్ని బయటికి తెస్తేనే కొత్త నిర్మాత ముందుకు వస్తాడు.