ప్రముఖులు రాసిన పిల్లల బొమ్మల పుస్తకాలు: అపోహలు, వాస్తవాలు

పిల్లల బొమ్మల పుస్తకం అట్ట మీద సినిమా తార పేరో గాయని పేరో కనబడగానే పాఠకులు రెండు పక్షాలుగా చీలిపోతారు. "ఎంత మంచి నీతి చెప్పారో" అని ఒక పక్షం. "పేరుంటే చాలు, ఏది రాసినా అచ్చేస్తారు" అని రెండో పక్షం. పిల్లల పుస్తకాలకు సంపాదకత్వం చేయడం నా పని. వాటిని పిల్లల మధ్య కూర్చుని చదివి వినిపించడమూ ఆ పనిలో భాగమే. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఈ రెండు అభిప్రాయాల్లోనూ అసలు పుస్తకం ఊసు చాలా తక్కువ. తరచుగా ఎదురయ్యే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను. ఉదాహరణకు ముఖ్యంగా రెండు పుస్తకాలు తీసుకుంటాను: గాయని మడోనా 2003లో రాసిన 'ది ఇంగ్లిష్ రోజెస్', నటి లుపిటా న్యోంగో 2019లో రాసిన 'సుల్వే'.

అపోహ: నీతి చెబితేనే అది పిల్లల పుస్తకం

చదవడం పూర్తికాగానే తల్లిదండ్రులు వేసే మొదటి ప్రశ్న "ఇందులో నీతి ఏమిటండీ?" అనే. వాళ్లను తప్పు పట్టను. పంచతంత్రం, సుమతీ శతకం, చందమామ కథలు చదివి పెరిగిన మనకు కథ చివర నీతి కోసం వెతకడం అలవాటైపోయింది. అయితే మన భేతాళ కథల పద్ధతిని ఒకసారి గుర్తు చేసుకోండి. భేతాళుడు కథ చెప్పి నీతి చెప్పడు, ప్రశ్న వేస్తాడు. విక్రమార్కుడు నోరు విప్పేలోగా చదివే పిల్లవాడి బుర్రలో కూడా ఒక జవాబు తయారవుతుంది. ఆ కాస్త వ్యవధి ఇవ్వని పుస్తకంలో నీతి ఎంత గొప్పదైనా పిల్లలకు అది పెద్దవాళ్ల మాటగానే మిగిలిపోతుంది.

తన కొడుకుకు చదివి వినిపించిన పుస్తకాలు డొల్లగా ఉన్నాయని, వాటిలో పాఠాలేమీ లేవని మడోనా అప్పట్లో అన్నారు. ఏళ్ల తరబడి పిల్లల కోసం రాస్తున్న రచయితలకు ఆ మాట కోపం తెప్పించింది. కోపం రావలసిందే. ఇక ఆమె కథకు వస్తే, లండన్‌లో నలుగురు స్నేహితురాళ్లు బీనా అనే అందమైన, తెలివైన అమ్మాయిని చూసి అసూయపడి ఆమెను దగ్గరకు రానివ్వరు. ఒక రాత్రి కలలో ఒక దేవత వాళ్లను బీనా ఇంటికి తీసుకువెళుతుంది. ఆ పిల్లకు తల్లి లేదు. ఇంటిపని, వంటపని అంతా తనే చేసుకుంటూ తండ్రితో ఉంటుంది. అది చూసి నలుగురూ సిగ్గుపడి ఆమెతో స్నేహం చేస్తారు.

అసూయ చెడ్డదని చెప్పడమే ఉద్దేశం, సందేహం లేదు. కానీ కథ నడిచిన దారి వేరు. బీనాకు కష్టాలున్నాయని తెలిశాకే వాళ్ల అసూయ కరిగింది. ఆమెకు తల్లి ఉండి, ఇంట్లో సుఖంగా పెరుగుతూ ఉంటే? అప్పుడు అసూయపడవచ్చా? ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు దొరకదు. అసూయ గురించి మొదలైన కథ జాలి దగ్గర ఆగిపోయింది. ఈ పుస్తకం మీద నా ప్రధాన అభ్యంతరం ఇదే. రాసింది మడోనా కాకపోయినా ఇదే మాట చెబుతాను.

'సుల్వే'లోనూ ఒక రాత్రి ప్రయాణం ఉంది. ఇంట్లో అందరికంటే నల్లగా ఉన్న సుల్వేను తోటిపిల్లలు రంగు పేరుతో ఏడిపిస్తారు. ఆమె రబ్బరుతో ఒంటి రంగు చెరిపేసుకోవాలని చూస్తుంది, తెల్లటి పదార్థాలే తింటుంది, దేవుడికి మొక్కుకుంటుంది. చివరికి ఒక ఉల్క ఆమెను తనతో తీసుకువెళ్లి రాత్రి, పగలు అనే అక్కచెల్లెళ్ల కథ చెబుతుంది. జనం మాటలకు నొచ్చుకుని రాత్రి వెళ్లిపోతే లోకానికి విశ్రాంతి కరువవుతుంది. అప్పుడు పగలు తానే బయలుదేరి తన తోబుట్టువును వెతికి తీసుకువస్తుంది. ఇక్కడ ఎవరూ ఎవరినీ చూసి జాలిపడరు. రాత్రి తన రంగు మార్చుకోనక్కరలేదు, ఉన్నది ఉన్నట్టుగానే లోకానికి ఆమె కావాలి.

ఈ పుస్తకమూ నీతిని నోటితో చెబుతుంది. సుల్వే తల్లి ఒకసారి చెప్పిన మాటనే ఉల్క కథ మళ్లీ చెబుతుంది. దీనికి నేను సంపాదకురాలినై ఉంటే ఆ రెండింటిలో ఒకదాన్ని తగ్గించమని అడిగేదాన్ని. రబ్బరు పేజీ గురించి కొందరు తల్లిదండ్రుల భయం వేరు: రంగు గురించి ఆలోచనే లేని పిల్లకు ఈ పేజీ లేని బాధను నేర్పుతుందేమో అని. ఆ భయం న్యాయమైనదే. కానీ పుట్టిన బిడ్డను చూడటానికి వచ్చినవాళ్లు మొదట రంగు గురించే మాట్లాడే ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరు మార్చుకుని 'గ్లో అండ్ లవ్లీ' అయింది, అంగళ్లలో ఆ క్రీము మాత్రం అలాగే ఉంది. మన పిల్లల్లో చాలామంది ఆ పేజీలోని బాధను పుస్తకం తెరవకముందే ఎరుగుదురు. అందుకే ఈ పుస్తకాన్ని పిల్లల చేతికిచ్చి వదిలేయవద్దని, పక్కన కూర్చుని చదవమని చెబుతాను.

అపోహ: బొమ్మలు అలంకారం, పుస్తకం రచయితది

పాఠకుల అభిప్రాయాల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. పుస్తకం గురించి పేజీల కొద్దీ రాసినవాళ్లు కూడా బొమ్మలు గీసినవాళ్ల పేరెత్తరు. 'సుల్వే' బొమ్మలు వష్టి హారిసన్‌వి. ఊదా, ముదురు నీలం రంగులతో ఆమె గీసిన రాత్రి ఎంత అందంగా ఉంటుందంటే, నలుపు అందమైనదన్న మాట వినకముందే పిల్లల కళ్లు దాన్ని ఒప్పుకుంటాయి. ఈ బొమ్మలకు 2020లో, ఆఫ్రికన్ అమెరికన్ రచయితలకు, చిత్రకారులకు ఇచ్చే కొరెట్టా స్కాట్ కింగ్ పురస్కారాల్లో ఆనర్ (ప్రధాన పురస్కారం తర్వాతి గౌరవం) దక్కింది. 2024లో 'బిగ్' అనే సొంత పుస్తకంతో ఆమె అమెరికాలో బొమ్మల పుస్తకాల చిత్రకారులకు ఇచ్చే కాల్డెకాట్ పతకం అందుకున్నారు. నల్లజాతి మహిళల్లో ఆ పతకం అందుకున్న మొదటి వ్యక్తి ఆమే.

'ది ఇంగ్లిష్ రోజెస్'కు బొమ్మలు వేసిన జెఫ్రీ ఫుల్విమారిది ఫ్యాషన్ చిత్రాల శైలి. సన్నటి కాళ్లు, పెద్ద కళ్లు, సొగసైన దుస్తులు. చూడముచ్చటగానే ఉంటాయి. కానీ పైపై అందాన్ని చూసి మనుషులను అంచనా వేయవద్దని మాటలు చెబుతుంటే, బొమ్మలు పేజీ పేజీకీ ఆ అందాన్నే ఆరబోస్తాయి. చదవడం రాని పిల్ల నమ్మేది బొమ్మనే.

బ్రిటన్‌లో చిత్రకారిణి సారా మెకింటైర్ 'పిక్చర్స్ మీన్ బిజినెస్' పేరుతో ఉద్యమమే నడిపారు. అట్ట మీద, సమీక్షల్లో, పురస్కారాల జాబితాల్లో చిత్రకారుల పేరు ఉండాలన్నదే ఆమె కోరిక. మనకు ఇది కొత్త సంగతి కాకూడదు. చందమామ అనగానే వడ్డాది పాపయ్య, చిత్రా, శంకర్ గుర్తుకు వస్తారు. అదే పత్రికను 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పేరు సంపాదకుడిగా అందులో కనిపించేది కాదు.

అపోహ: నాలుగు వాక్యాలే కదా, ఎవరైనా రాసేయవచ్చు

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. అచ్చు కాగితం మడతలు ఎనిమిది, పదహారు పేజీల లెక్కన వస్తాయి కాబట్టి ఆ సంఖ్య. పేరు పేజీ, హక్కుల పేజీ వంటివి పోగా కథకు మిగిలేది పన్నెండు, పద్నాలుగు జంట పేజీలు. ఏ వాక్యం దగ్గర పేజీ తిప్పాలి, తిప్పాక ఏం కనబడాలి అన్నది కథ నడకంత ముఖ్యం. బొమ్మలో కనబడే సంగతిని వాక్యం మళ్లీ చెబితే ఆ వాక్యాన్ని కొట్టేయాలి. ప్రముఖుల పుస్తకాల్లో చిక్కు ఇక్కడే వస్తుంది. పెద్ద పేరున్న మనిషి రాసిన వాక్యం మీద కలం పెట్టడానికి సంపాదకుల చేయి ఆడదు. 'మాటలు ఎక్కువయ్యాయి' అని పాఠకులు అన్నప్పుడు అందులో సంపాదకుల బాధ్యత కూడా ఉంది.

అపోహ: ఇవన్నీ వేరేవాళ్లు రాసిపెట్టినవే

అందరినీ ఒకే గాటన కట్టకూడదు. నటి జూలీ ఆండ్రూస్ 1971లోనే జూలీ ఎడ్వర్డ్స్ పేరుతో పిల్లల నవల ప్రచురించారు. మరో నటి జేమీ లీ కర్టిస్ 1993 నుంచి చిత్రకారిణి లారా కార్నెల్‌తో కలిసి వరసగా పుస్తకాలు తెచ్చారు. అట్ట మీది పేరును చూసి అనుమానించే బదులు లోపలి పని చూడండి.

అపోహ: జాబితాలో మొదటి స్థానం అంటే పిల్లలు మెచ్చినట్టే

'ది ఇంగ్లిష్ రోజెస్' న్యూయార్క్ టైమ్స్ పిల్లల పుస్తకాల జాబితాలో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. బ్రిటన్ రాజకుమారుడు హ్యారీ భార్య మేగన్ మార్కెల్ 2021లో రాసిన 'ది బెంచ్' కూడా ఆ జాబితాలో మొదటి స్థానం అందుకుంది. జాబితా లెక్కపెట్టేది అమ్మకాలను. కొనేది పెద్దవాళ్లు, అదీ చాలాసార్లు పుట్టినరోజు కానుకగా. పుస్తకం మళ్లీ మళ్లీ చదవమని పిల్లలు అడిగారా అన్నది ఏ జాబితాలోనూ రాదు.

నక్షత్రాల రేటింగులదీ అదే తీరు. 'ది బెంచ్' మీద వచ్చిన అభిప్రాయాల్లో ఎన్నో రచయిత్రి పెళ్లి గురించి, రాజకుటుంబం గురించి రాసినవే. తండ్రీకొడుకుల అనుబంధాన్ని క్రిస్టియన్ రాబిన్సన్ ఎలా గీశారన్నది వాళ్లలో చాలామందికి పట్టలేదు. అలాంటివి ఐదు నక్షత్రాలైనా, ఒకటైనా నేను పక్కన పెడతాను. పిల్ల వయసెంతో చెప్పి, ఏ పేజీ దగ్గర నవ్విందో, ఎక్కడ విసుగుపడి లేచిపోయిందో, మర్నాడు మళ్లీ అడిగిందో లేదో రాసిన అమ్మమ్మ అభిప్రాయం దొరికితే మాత్రం దాచుకుంటాను. పుస్తకం కొనబోయేవాళ్లకూ, మాలాంటి సంపాదకులకూ పనికొచ్చేది అదే. మీరు రాసేటప్పుడు బొమ్మలు గీసినవాళ్ల పేరు కూడా తప్పకుండా రాయండి.