రింగా రింగా రోజెస్ ప్లేగు పాటేనా? పిల్లల పాటలపై అపోహలు - వాస్తవాలు

జానపద గేయాల పాఠం మొదలుపెట్టగానే తరగతిలో ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, రింగా రింగా రోజెస్ చావుల పాటట కదా?" నర్సరీ పిల్లల తల్లులకైతే అది పాడించాలా వద్దా అని బెంగ. హాయిగా పాడించండి.

అపోహ: ఆ పాట 1665 నాటి లండన్ ప్లేగులో పుట్టింది. గులాబీలంటే ఒంటిమీద ఎర్రటి దద్దులు, కొన్ని ఇంగ్లీషు రూపాల్లో వచ్చే "అటిషూ" అనే తుమ్ము రోగలక్షణం, కిందపడటం చావు.

వాస్తవం: ఇంగ్లీషులో ఈ పాట 19వ శతాబ్దికి ముందు అచ్చులో దొరకదు. డైరీ రచనకు పేరుపొందిన ఇంగ్లీషు అధికారి శామ్యూల్ పెపీస్ ఆ ప్లేగు రోజుల్లో లండన్‌లోనే ఉండి, తలుపుల మీద వేసిన ఎర్ర శిలువ గుర్తుల సంగతి కూడా డైరీలో రాసుకున్నాడు. ఈ పాట ఊసు మాత్రం అందులో లేదు. ప్లేగులో ముఖ్యంగా కనిపించేవి గజ్జల్లో, చంకల్లో లేచే గడ్డలు, తుమ్ములు కావు. అసలు తుమ్ము ఈ పాటకున్న అన్ని రూపాల్లోనూ లేదు. 1881లో ఇంగ్లీషు చిత్రకారిణి కేట్ గ్రీనవే బొమ్మలతో అచ్చయిన రూపంలో "హష్ హష్" అని ఉంటుంది. మన పిల్లలు పాడేది "హుషా బుషా". తుమ్మే లేని పాటలో రోగలక్షణం వెతకడం ఎందుకు? ప్లేగు కథ జనంలో పాకింది 20వ శతాబ్ది నడిమిలోనే. గుండ్రంగా తిరిగి దబ్బున పడటమే ఈ ఆటలో పిల్లలకు సరదా. ఒప్పులకుప్ప తిరిగిన వాళ్లకు ఆ సంబరం నేను చెప్పక్కర్లేదు.

అపోహ: హంప్టీ డంప్టీ 1648లో ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్ పట్టణ ముట్టడిలో కూలిన ఫిరంగి.

వాస్తవం: ఈ పాట మొదట అచ్చయింది 1797లో, ముట్టడి జరిగిన నూటయాభై ఏళ్లకు. ఇది పొడుపుకథ, విడుపు గుడ్డు. అందుకే పాటలో గుడ్డు అనే మాటే రాదు. పుస్తకాల్లో గుడ్డు బొమ్మ ముందే వేసేయడంతో పిల్లలకు విప్పే అవకాశం లేకుండా పోయింది, నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: బా బా బ్లాక్ షీప్ బానిసల వ్యాపారం గురించి, కాదంటే 1275 నాటి ఉన్ని పన్ను గురించి.

వాస్తవం: పన్ను నిజమే. పాట మాత్రం 1744 ప్రాంతంలో గాని అచ్చులోకి రాలేదు. రెండు ముడులూ ఊహలే.

అపోహ: పాత పాటలన్నిటి పుట్టుకా రహస్యమే.

వాస్తవం: ట్వింకిల్ ట్వింకిల్ 1806లో జేన్ టేలర్ అచ్చు వేయించిన కవిత. మేరీ గొర్రెపిల్ల పాట 1830లో సారా జోసెఫా హేల్ ప్రచురించినది. రాసినవారి పేరుతో సహా తెలిసిన ఈ పాటలను ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మీ అమ్మమ్మ చెమ్మచెక్క ఎలా పాడేదో ఊరి పేరుతో, ఏ మాటా మార్చకుండా రాసి పంపండి. పాఠాంతరాలే, అంటే ఒకే పాటకున్న వేర్వేరు రూపాలే మాకు ఆధారాలు.