జాబితా లేని కూటమి: అసలు హాన్సా నగరాలు ఎన్ని?

శంషాబాద్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ విమానం ఎక్కే మనవాళ్లలో లుఫ్తాన్సా పేరు చివరున్నది మన హంసేననుకునేవాళ్లు తక్కువేమీ కాదు. విమానం తోక మీద రెక్కలు చాచిన పక్షి బొమ్మ ఉండనే ఉంది. ఆ పక్షి కొంగ. పేరుకూ పక్షికీ ఏ చుట్టరికమూ లేదు. ‘లుఫ్ట్’ అంటే గాలి. ‘హాన్సా’ అంటే పాత జర్మన్‌లో గుంపు, జట్టు. వర్తకుల సంగతికొస్తే కలిసి బయలుదేరే బిడారు. 1926లో విమాన సంస్థకు పేరు వెతికినవాళ్లు మధ్యయుగాల నాటి సముద్ర వర్తకుల కూటమి పేరు తెచ్చి గాలికి కట్టారు.

జర్మనీలో ఆ పేరుకున్న పరపతి ఇప్పటికీ తగ్గలేదు. హాంబర్గ్‌లో చదువుకుంటున్న మన పిల్లలను అడిగితే చెబుతారు, అక్కడి కార్ల నంబరు ప్లేట్లు ‘హెచ్‌.హెచ్‌.’తో మొదలవుతాయి. మొదటి హెచ్ ‘హాన్సా నగరం’ అనడానికి, రెండోది హాంబర్గ్‌కి. ఒంటి హెచ్ హనోవర్‌ది. బ్రెమెన్ కార్లకు హెచ్‌.బి., ల్యూబెక్ కార్లకు హెచ్‌.ఎల్‌. రెండు జర్మనీలు ఒకటయ్యాక రోస్టాక్, విస్మార్, స్ట్రాల్‌జుండ్, గ్రైఫ్స్‌వాల్డ్ కూడా పట్టుబట్టి తమ ప్లేట్లకు ముందు హెచ్ పెట్టించుకున్నాయి. ఆ తర్వాత చిన్న ఊళ్ల వంతు వచ్చింది. ల్యూనెబర్గ్ 2007లో, స్టాడె 2009లో ‘హాన్సా నగరం’ అనే బిరుదును అధికారికంగా ఊరి పేరుకు తగిలించుకున్నాయి. ఎల్బె నది దగ్గర సుమారు వెయ్యి మంది జనాభా ఉన్న వెర్బెన్‌కూ ఇప్పుడు ఆ బిరుదుంది.

ఇంతకీ ఏ ఊరు నిజంగా సభ్య నగరం, ఏది కాదు? చరిత్రకారులను అడిగితే పెద్దాచిన్నా కలిపి దాదాపు 200 అంటారు. ఆ లెక్కలో గట్టిగా నిలబడేవి డెబ్బై వరకు, మిగిలినవి వాటి చాటున ఉన్నవి. అంతకన్నా కచ్చితంగా చెప్పలేరు. ఎందుకంటే తమ సభ్యుల జాబితాను హాన్సా ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వకపోవడం మరుపు వల్ల కాదు. అదొక ఎత్తు.

ఆ ఎత్తు ఎంత బాగా పనిచేసేదో 1469లో లండన్‌లో బయటపడింది. అంతకు ముందు ఏడాది డెన్మార్క్ రాజు ఇంగ్లీషు ఓడలను పట్టుకున్నాడు. దీని వెనక హాన్సా హస్తం ఉందని ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ కొలువు అనుమానించి, లండన్‌లో ఉన్న హాన్సా వర్తకులను పట్టి బంధించింది, సరుకు జప్తు చేసింది. మీరంతా ఒకే సంఘం, ఒకరు చేసిన తప్పుకు అందరూ పూచీ అన్నది కొలువు వాదన. హాన్సాకు పెద్దదిక్కయిన ల్యూబెక్ నుంచి వెళ్లిన జవాబు చదివితే ఈనాటి కార్పొరేటు వకీళ్లు కూడా ముక్కున వేలేసుకుంటారు. రోమన్ న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు రాసిన జవాబది. మాది కంపెనీ కాదు, మాకు ఉమ్మడి ఆస్తి లేదు. మాది సంఘమూ కాదు, మాకు ఉమ్మడి ముద్ర లేదు, ఉమ్మడి పాలకమండలి లేదు, ఉమ్మడి ఖజానా లేదు. సభ ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి ముద్రే ఉత్తరాల మీద పడుతుంది. దొంగల బారి నుంచి సరుకును కాపాడుకోవడానికి నగరాలు ఒకదానికొకటి తోడు నిలవడం తప్ప మా మధ్య ఇంకేమీ లేదు. ఇదీ సారాంశం.

రాయితీలు అడిగేటప్పుడు మాత్రం అందరూ ఒకటే. సుంకం తగ్గింపు కావాలంటే ‘మేమంతా హాన్సా వాళ్లం’. జరిమానా కట్టాలంటే ‘ఆ ఊరివాళ్లెవరో మాకు తెలియదు’. జాబితా అంటూ చేతికిస్తే ఈ రెండు నాలుకల బేరం ఎలా సాగుతుంది?

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. మొదట్లో హాన్సా నగరాలది కాదు, వర్తకులది. 1143లో హోల్‌స్టైన్ ప్రభువు రెండో అడాల్ఫ్ వేసిన ఊరు ల్యూబెక్. 1159లో సాక్సనీ డ్యూక్ సింహ హెన్రీ దాన్ని మళ్లీ నిలబెట్టాడు. బాల్టిక్ సముద్రంలోకి జర్మన్లకు దొరికిన మొదటి పెద్ద వాకిలి అదే. అక్కడి నుంచి ఓడెక్కి గోట్లండ్ దీవిలోని విస్బీకి, విస్బీ నుంచి రష్యాలోని నొవ్‌గొరోద్‌కి వెళ్లి ఉన్నిబట్ట ఇచ్చి మైనం, తోలుబొచ్చు తెచ్చుకునేవారు. ఒంటరిగా పోతే ప్రాణానికే దిక్కు లేదు కనుక గుంపుగా వెళ్లేవారు.

నొవ్‌గొరోద్‌లో వాళ్ల స్థావరానికి పీటర్‌హోఫ్ అని పేరు. సెయింట్ పీటర్ చర్చి చుట్టూ కట్టిన ఆవరణ అది. చర్చి దేవుడికి ఎంత ఉపయోగపడిందో గానీ గోదాముగా మాత్రం బాగా పనికొచ్చింది. మంటలకు తట్టుకునే గట్టి కట్టడం కనుక సరుకంతా అందులోనే దాచేవారు. రాత్రయితే గేటు మూసి, ఆవరణలో కుక్కల్ని వదిలేవారు. ఏడాదికి రెండు దండులు వచ్చేవి, చలికాలపు వాళ్లు, వేసవి వాళ్లు. మిగిలిన సొమ్ము గోట్లండ్‌కు తీసుకెళ్లి విస్బీలోని సెయింట్ మేరీ చర్చిలో ఒక పెట్టెలో పెట్టేవారు. ఆ పెట్టెకు నాలుగు తాళంచెవులు. ఒకటి విస్బీ దగ్గర, ఒకటి ల్యూబెక్ దగ్గర, మిగతా రెండూ జోస్ట్, డోర్ట్‌మండ్ దగ్గర. చివరి రెండూ సముద్రానికి చాలా దూరంలో ఉన్న వెస్ట్‌ఫాలియా ఊళ్లు. సభ్య నగరం అనే మాట పుట్టకముందే ఎవరికి ఎంత మాట చెల్లేదో ఆ నాలుగు చెవులే చెబుతాయి.

ఇలాంటి పెద్ద స్థావరాలు మొత్తం నాలుగు. నొవ్‌గొరోద్ కాక నార్వేలో బెర్గెన్, ఫ్లాండర్స్‌లో బ్రూజ్, లండన్‌లో స్టీల్‌యార్డ్. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు తర్వాతి కాలంలో మన మచిలీపట్నంలో పెట్టుకున్న కోఠీల్లాంటివే ఇవీ. ఒక చిక్కుంది. ఈ నాలుగు ఊళ్లూ హాన్సా సభ్యులు కావు. హాన్సా వర్తకులకు అవి అద్దె ఇళ్లు మాత్రమే. పర్యాటక కరపత్రాలు చదివినవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

సభ్య నగరాల బలమెక్కడిదంటే ఉప్పుచేప దగ్గరికి రావాలి. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు క్రైస్తవులు మాంసం ముట్టేవారు కాదు, చేప తినొచ్చు. వేసవి చివర స్వీడన్ దక్షిణ తీరంలోని స్కానియా దగ్గర హెర్రింగ్ చేప కుప్పతెప్పలుగా పడేది. ఆ తీరం అప్పట్లో డెన్మార్క్‌ది. నూనె ఎక్కువున్న చేప కావడంతో ఒడ్డుకు పడ్డ వెంటనే ఉప్పు తగలకపోతే పాడైపోతుంది. చేప ఒకచోట, ఉప్పు ల్యూనెబర్గ్ ఉప్పునీటి బావుల దగ్గర ఇంకోచోట. రెంటికీ మధ్యన ల్యూబెక్. సంతలో ఆడవాళ్లు చేప పొట్ట చీల్చి, ఉప్పు చల్లి, పీపాల్లో పేర్చేవారు. ఆ పీపాలు జర్మనీ లోపలి ఊళ్ల దాకా వెళ్లేవి. 1398లో స్టెక్‌నిట్స్ కాలువ పూర్తయ్యాక ఉప్పు పడవల్లోనే నేరుగా ల్యూబెక్ చేరింది. హోల్‌స్టెన్ ద్వారం పక్కన ట్రావె నది ఒడ్డున ఉప్పు గిడ్డంగులు ఇప్పటికీ ఉన్నాయి, చూసి రావచ్చు. ల్యూబెక్, హాంబర్గ్ నగరాలు 1241లోనే దారి కాపలాకు చేయి కలపడం వెనక ఉన్నదీ ఉత్తర సముద్రానికీ బాల్టిక్‌కీ మధ్య ఉన్న ఈ దారే.

వర్తకుల గుంపు నగరాల కూటమిగా మారిన ఘట్టం 1356లో వస్తుంది. బ్రూజ్‌లో వర్తకులు ఇష్టారాజ్యంగా పోతున్నారని నగరాలు ల్యూబెక్‌లో సమావేశమై స్థావరాన్ని తమ చేతికింద పెట్టుకున్నాయి. మొదటి మహాసభగా చెప్పేది దాన్నే. రెండేళ్ల తర్వాత కాగితాల్లో ‘జర్మన్ హాన్సా నగరాలు’ అన్న మాట కనిపిస్తుంది. సభ అన్నాను కదా అని అసెంబ్లీని ఊహించుకోకండి. ఎప్పుడు పిలిచినా నలభై నగరాలు కూడా రాలేదు. వచ్చినవాళ్లు ఆలస్యంగా వచ్చేవారు, దారులు బాగాలేవనో మరొకటనో ఉత్తరాలు పంపేవారు. తీర్మానం చేశాక కూడా ‘మా ఊరి పెద్దల్ని అడగాలి’ అనేవారు. చిన్న ఊళ్లయితే ఖర్చెందుకని పెద్ద ఊరి ప్రతినిధికే తమ మాట అప్పజెప్పేవి. ఈ రోజు వెర్బెన్ లాంటి ఊళ్ల సభ్యత్వం మీద సందేహాలు రావడానికి మూలం ఇక్కడే ఉంది.

అయినా అవసరం తలకు మించినప్పుడు కదిలారు. 1361లో డెన్మార్క్ రాజు నాలుగో వాల్డెమార్ విస్బీని పట్టుకున్నాడు. మరుసటి ఏడు ల్యూబెక్ మేయర్ యోహాన్ విట్టెన్‌బోర్గ్ ఓడల దండుతో వెళ్లి హెల్సింగ్‌బోర్గ్ దగ్గర చిత్తుగా ఓడిపోయాడు. ఇతను స్వయంగా వర్తకుడు. బట్ట, తోలుబొచ్చు, ధాన్యం లెక్కలు రాసుకున్న అతని ఖాతా పుస్తకం ఇప్పటికీ ఉంది. ఓడిన మేయర్‌ను ఊరు క్షమించలేదు. 1363లో ల్యూబెక్ సంత మైదానంలో తల నరికారు. 1367లో నగరాలు కొలోన్‌లో కూడి మళ్లీ యుద్ధానికి సిద్ధమయ్యాయి. 1370లో స్ట్రాల్‌జుండ్ సంధి కుదిరే నాటికి స్కానియా తీరపు కోటలు పదిహేనేళ్లపాటు హాన్సా చేతికి వచ్చాయి, అక్కడి ఆదాయంలో మూడింట రెండు వంతులతో సహా. రాజ్యం లేదు, రాజు లేడు, శాశ్వత సైన్యం లేదు. ఒక రాజు మెడలు వంచారు.

చేరిక ఇలా మసకగా ఉన్నా వెలి మాత్రం చాలా స్పష్టంగా ఉండేది. మాట వినని ఊరిని కూటమి నుంచి వెలివేసేవారు. వెలి పడ్డ ఊరి వర్తకుడితో ఎవరూ కొనరు, అమ్మరు, అతని సరుకు ఓడెక్కించరు. నార్వేకు ధాన్యం ఆపేయాలన్న నిర్ణయాన్ని పట్టించుకోనందుకు బ్రెమెన్ 1285లో బయటపడి, 1358లో గానీ తిరిగి రాలేదు. బ్రౌన్‌ష్వైగ్ కథ మరీ నాటకీయం. 1374లో అక్కడి జనం తిరగబడి నగర సభ పెద్దల్లో కొందర్ని చంపారు. ఎక్కడైనా పెద్దల మీద కింది జనం తిరగబడటమంటే వర్తకులకు గుండెలు అదిరేవి. 1375లో ఊరిని వెలివేశారు. 1380లో బ్రౌన్‌ష్వైగ్ ప్రతినిధులు చెప్పులు లేకుండా, చేత కొవ్వొత్తులతో ల్యూబెక్ వీధుల్లో నడిచి వచ్చి క్షమాపణ అడిగారు. ప్రాయశ్చిత్తంగా తమ ఊళ్లో ఒక ప్రార్థనా మందిరం కట్టించారు.

కొలోన్ పాపం ఇంకో రకం. 1468లో లండన్‌లో అందరినీ జైల్లో వేసినప్పుడు కొలోన్ వర్తకులు ‘మేం వేరు’ అని తప్పించుకున్నారు. వ్యాపారమంతా తమకే మిగులుతుందని లెక్క. 1471లో వెలి పడింది. 1474లో ఉట్రెక్ట్ సంధితో ఇంగ్లండ్ దిగివచ్చి స్టీల్‌యార్డ్‌ను హాన్సాకు సొంతంగా రాసిచ్చాక, కొలోన్‌కు 1476లో బతిమాలి తిరిగి రావడం తప్పలేదు. నా మటుకు నాకు సభ్యత్వానికి ఇంతకన్నా మంచి రుజువు కనిపించదు: ఏ ఊరిని వెలివేయాల్సి వచ్చిందో ఆ ఊరు తప్పకుండా లోపలిదే.

పతనం గురించి పొడుగ్గా చెప్పాల్సినంత లేదు. డచ్చివాళ్లు తక్కువ కిరాయికి ఓడలు నడిపారు. రాజులు బలపడి తమ ఊళ్లను కూటమి నుంచి లాగేసుకున్నారు; బెర్లిన్ కూడా అలా జారిపోయిందే. 1494లో మాస్కో ప్రభువు మూడో ఇవాన్ నొవ్‌గొరోద్ స్థావరాన్ని మూసేశాడు. 1598లో ఎలిజబెత్ రాణి స్టీల్‌యార్డ్ నుంచి వెళ్లగొట్టింది. బ్రూజ్ వదిలి ఆంట్వెర్ప్‌లో 1560లలో బ్రహ్మాండమైన కోఠీ కట్టారు గానీ, అది పూర్తయ్యేసరికి వ్యాపారమే అక్కడి నుంచి పోయే దారిలో ఉంది. 1669లో ల్యూబెక్‌లో చివరి మహాసభకు వచ్చినవి తొమ్మిది నగరాలు. రద్దు తీర్మానం చేయలేదు. మళ్లీ కూడలేదు, అంతే.

ఆస్తులకు వారసులుగా ల్యూబెక్, హాంబర్గ్, బ్రెమెన్ మిగిలాయి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో స్టీల్‌యార్డ్‌ను ఈ మూడే అమ్మేశాయి; ఆ స్థలంలో ఇప్పుడు లండన్ క్యానన్ స్ట్రీట్ రైల్వే స్టేషన్ ఉంది. జర్మనీ ఒకే దేశమయ్యాక కూడా మూడూ సొంత రాష్ట్రాలుగానే నిలిచాయి. హాంబర్గ్‌లో ఆ అభిమానం ఎంతంటే, జర్మనీ మాజీ చాన్సలర్ హెల్ముట్ ష్మిట్ హాన్సా సంప్రదాయం పేరు చెప్పి దేశపు పురస్కారాన్ని వద్దన్నారు. 1980లో నెదర్లాండ్స్‌లోని జ్వోల్లెలో కొత్త హాన్సా మొదలైంది. అందులో పాత సభ్యులే కాదు, వర్తకులకు చోటిచ్చిన ఊళ్లూ చేరాయి. దానికి చక్కటి జాబితా ఉంది.

కూటమికి తల్లిలాంటి ల్యూబెక్ సంగతే వేరుగా తేలింది. 1226లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ ఇచ్చిన స్వతంత్ర ప్రతిపత్తి 1937 ఏప్రిల్ 1న పోయింది. హాంబర్గ్‌ను పెద్దది చేసే చట్టంలో ల్యూబెక్‌ను పక్క ప్రాంతంలో కలిపేశారు. 1932లో హిట్లర్‌ను ఊళ్లో మాట్లాడనివ్వనందుకు కక్ష తీర్చుకున్నాడని ల్యూబెక్‌లో చెప్పుకుంటారు. కథ బాగుంది గానీ, భూముల సర్దుబాటే అసలు కారణమన్న వాదనకే ఎక్కువ బలముంది. యుద్ధం తర్వాత ఊరివాళ్లు కోర్టుకెక్కారు. 1956లో రాజ్యాంగ న్యాయస్థానం కాదంది. ఒకప్పుడు వెలిపడ్డ బ్రెమెన్ ఇవాళ రాష్ట్రం. ల్యూబెక్ కాదు.

ల్యూబెక్ కార్ల ప్లేట్ల మీద హెచ్‌.ఎల్‌. మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అక్షరాల పక్కన గుండ్రటి ముద్ర ఒకటి ఉంటుంది, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రానిది.