థ్రైవింగ్ కిడ్స్ గొడవ వెనక కథ: ఆస్ట్రేలియాలో స్పీచ్ థెరపిస్టుల పని గంటల లెక్కలోకి ఎలా వెళ్ళింది

ఆస్ట్రేలియాలో థ్రైవింగ్ కిడ్స్ గొడవ మళ్ళీ లేచింది. మా బాబుని ఎన్‌డీఐఎస్ (డిసేబిలిటీ ఉన్నవాళ్ళకి థెరపీ, సాయం ఖర్చు భరించే ప్రభుత్వ స్కీమ్) నుంచి తీసేస్తారా అని పేరెంట్స్ భయం ఒకవైపు, మా క్లినిక్ నడుస్తుందా అని స్పీచ్ పాథాలజిస్టుల భయం ఇంకోవైపు. మన దగ్గర స్పీచ్ థెరపిస్ట్ అంటాం కదా, వాళ్ళే. 2025 ఆగస్టు 20న హెల్త్ మినిస్టర్ మార్క్ బట్లర్ నేషనల్ ప్రెస్ క్లబ్‌లో చెప్పిన మాట ఇది: తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్లో ఆటిజం, డెవలప్‌మెంటల్ డిలే (ఎదుగుదలలో ఆలస్యం) తక్కువ లేదా ఓ మోస్తరు స్థాయిలో ఉన్నవాళ్ళకి ఇకముందు ఎన్‌డీఐఎస్ కాదు, బయట థ్రైవింగ్ కిడ్స్ అనే వేరే ప్రోగ్రామ్ ఉంటుంది, కేంద్రం 200 కోట్ల డాలర్లు పెడుతుంది, మిగతాది రాష్ట్రాలు చూసుకోవాలి. మొదట 2026 జులై అన్నారు, తర్వాత అక్టోబర్‌కి జరిపారు. మార్పు రాకముందే చేరిన పిల్లలు స్కీమ్‌లోనే ఉంటారు, కాకపోతే మామూలు రీఅసెస్‌మెంట్లు తప్పవు.

ఎన్‌డీఐఎస్ 2013లో ఎలా మొదలైంది అనే కథంతా ఇక్కడ చెప్పను. అందరూ 2013నే మలుపు అంటారు గానీ ఈ ఉద్యోగం సంగతి అర్థం కావాలంటే 2018 న్యూ సౌత్ వేల్స్ చూడాలి.

అప్పటిదాకా అక్కడ డిసేబిలిటీలో పనిచేసే స్పీచ్ థెరపిస్టుల్లో చాలామంది రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులే. ఏజింగ్, డిసేబిలిటీ అండ్ హోమ్ కేర్ అని ఒక విభాగం ఉండేది, అందరూ ఏడీహెచ్‌సీ అనేవాళ్ళు. అందులో కమ్యూనిటీ టీమ్‌లు, ఒక్కో టీమ్‌లో స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజియో, సైకాలజీ వాళ్ళు, కేస్ మేనేజర్లు, అందరికీ నెల జీతం. థెరపిస్ట్ ఇంటికి వెళ్ళొచ్చినా, స్కూల్ టీచర్‌తో ఫోన్లో మాట్లాడినా, గ్రూప్ హోమ్‌లో స్టాఫ్‌ని కూర్చోబెట్టి మింగడం కష్టమైన ఈయనకి అన్నం ఎంత మెత్తగా పెట్టాలో, నీళ్ళు ఎంత చిక్కగా చేసి ఇవ్వాలో నేర్పించినా ఎవరూ గంటలు లెక్కపెట్టి బిల్లు రాసేవాళ్ళు కాదు. కొత్తగా డిగ్రీ చేసి వచ్చిన అమ్మాయి ఏడాది పాటు సీనియర్ వెనకాల తిరిగి పని నేర్చుకునేది, మాట రానివాళ్ళకి బొమ్మల బోర్డు ఎలా కట్టాలి, ఐప్యాడ్‌లో మాట్లాడే యాప్ ఎలా సెట్ చేయాలి, ఇవన్నీ క్లాసులో కంటే అక్కడే ఎక్కువ వచ్చేవి.

ఆ పాత పద్ధతి గొప్పదని చెప్పట్లేదు. వెయిటింగ్ లిస్టులు దారుణంగా ఉండేవి, పేరు రాయించుకుని నెలలు, కొందరైతే ఏళ్ళు ఎదురుచూశారు, ఆ కోపంలోంచే కదా ఎన్‌డీఐఎస్ పుట్టింది. కాకపోతే న్యూ సౌత్ వేల్స్ ఏం చేసిందంటే, ఎన్‌డీఐఎస్ డబ్బు ప్లాన్ పేరుతో ఒక్కో మనిషికి విడిగా వెళ్తోంది కాబట్టి ఇక సర్వీసు మేం నడపక్కర్లేదని తేల్చుకుని, 2018 మధ్యకల్లా ఏడీహెచ్‌సీని మూసేసింది. హోమ్ కేర్ ముందే ఆస్ట్రేలియన్ యూనిటీ అనే ప్రైవేట్ సంస్థకి వెళ్ళిపోయింది, మిగతావి ఎన్‌జీఓలకి. మూసే ముందు ఆ విభాగంలోని క్లినికల్ యూనిట్ వాళ్ళు, స్పీచ్ థెరపిస్టులతో సహా ఒక్కో వృత్తికి డిసేబిలిటీలో కనీసం ఏమేం తెలిసుండాలో కోర్ స్టాండర్డ్స్ పేరుతో రాసి, బయట సంస్థలు వాడుకోండని వదిలి వెళ్ళారు. ఇల్లు ఖాళీ చేస్తూ వంట ఎలా చేయాలో కాగితం మీద రాసి గోడకి అంటించి వెళ్ళినట్టు అన్నమాట. ఆ కాగితం చదివి నేర్పించే మనిషికి జీతం ఎవరిస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కణ్ణించి పని మొత్తం గంట మీద నడవడం మొదలైంది. థెరపిస్ట్ గంటకి ఎంత తీసుకోవచ్చో ఎన్‌డీఐఎస్‌ని నడిపే ఎన్‌డీఐఏ అనే ఏజెన్సీ ఏటా ప్రైస్ గైడ్‌లో చెప్తుంది. 2019 జులైలో స్పీచ్ థెరపీకి గరిష్ఠంగా 193.99 డాలర్లు అని పెట్టారు. తర్వాత కోవిడ్ వచ్చింది, ధరలు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, ఇన్సూరెన్స్ పెరిగింది, ఆ అంకె మాత్రం కదల్లేదు. 2025 జులైలో ఫిజియోకి 183.99కి, డైటీషియన్, పొడియాట్రీ (పాదాల వైద్యం)కి 188.99కి తగ్గించారు, స్పీచ్‌కి తగ్గించలేదు కదా సంతోషించండి అన్నట్టు అదే 193.99 ఉంచారు.

వినేవాళ్ళకి గంటకి 190 డాలర్లంటే బోలెడు అనిపిస్తుంది, నిజమే. కానీ అది థెరపిస్ట్ జేబులోకి వెళ్ళేది కాదు, అందులోనే ఆఫీసు అద్దె, సూపర్ (రిటైర్మెంట్ ఫండ్), సెలవులు, టెస్ట్ కిట్లు, ఫోన్లెత్తే రిసెప్షనిస్ట్ జీతం అన్నీ రావాలి. పైగా బిల్లు కాని పని చాలా ఉంటుంది, జూనియర్‌కి పని నేర్పించడం, సూపర్‌విజన్ ఇవ్వడం ఏ పిల్లాడి ప్లాన్‌లోంచీ వసూలు చేయడానికి లేదు. కొత్త గ్రాడ్యుయేట్‌ని తీసుకున్న క్లినిక్ సీనియర్ గంటల్ని వదులుకుంటుంది, వదులుకోవడం ఇష్టంలేని చోట ఆ అమ్మాయిని మొదటి నెల నుంచే ఫుల్ కేస్‌లోడ్‌లోకి దించేస్తారు. ఈ ఉద్యోగంలో జనం నిలబడట్లేదు అని కమిటీలు వేసే ముందు దీన్ని చూస్తే బాగుండేది.

ఇక 2025 జులై 1 నుంచి వచ్చిన ట్రావెల్ రూల్. సిటీల్లో థెరపిస్ట్ ఇంటికి వెళ్తే దారికి 30 నిమిషాల వరకు, సిటీ దాటిన ఊళ్ళలో 60 నిమిషాల వరకు బిల్లు చేయొచ్చు, ఇది ముందునుంచీ ఉంది. కొత్తగా ఏం చేశారంటే ఆ టైమ్‌కి సగం రేటే ఇస్తామన్నారు, అంటే గంటకి సుమారు 97 డాలర్లు. క్లినిక్‌లో గోడకి ఆనుకుని కూర్చున్న వాళ్ళకి దీంతో పోయేదేం లేదు, ఇంటికీ గ్రూప్ హోమ్‌కీ వెళ్ళేవాళ్ళకే దెబ్బ. అసలు డిసేబిలిటీలో స్పీచ్ థెరపీ అంటేనే మనిషి ఉన్నచోటుకి వెళ్ళి చేసేది, వీల్‌చెయిర్‌లో ఉన్న నలభై ఏళ్ళాయనకి మింగడం కష్టమైతే ఆయన రోజూ తినే బల్ల దగ్గర, ఆయనకి తినిపించే వర్కర్ చేతిని చూస్తూ చేయాలి.

ఈ మింగడం సంగతి చిన్నది కాదు. సర్వీసుల నాణ్యత, భద్రత చూసే ఎన్‌డీఐఎస్ క్వాలిటీ అండ్ సేఫ్‌గార్డ్స్ కమిషన్ కోసం ప్రొఫెసర్ జూలియన్ ట్రోలర్ టీమ్ డిసేబిలిటీ ఉన్నవాళ్ళ మరణాల మీద అప్పటిదాకా వచ్చిన రిపోర్టులన్నీ కలిపి చూస్తే, ఆహారం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి వచ్చే న్యుమోనియా, గొంతులో అడ్డుపడి పోవడం, ఇలా ఆపగలిగేవే పదేపదే కనిపించాయి. ఆ తర్వాత 2021 చివర్లో మీల్‌టైమ్ మేనేజ్‌మెంట్‌ని, అంటే ప్రమాదం లేకుండా తినిపించే ఏర్పాట్లని, సంస్థలు పాటించాల్సిన ప్రాక్టీస్ స్టాండర్డ్స్‌లో చేర్చారు. మంచిదే, కానీ గ్రూప్ హోముల్లో స్టాఫ్ మారుతూనే ఉంటారు, మారినప్పుడల్లా మళ్ళీ నేర్పించాలి, ఆ నేర్పించే గంట ఆ మనిషి ప్లాన్‌లో మిగిలి ఉండాలి, లేకపోతే మీల్‌టైమ్ ప్లాన్ ఫైల్లోనే పడుంటుంది. ఒకవైపు ఈ రూల్ పెట్టారు, ఇంకోవైపు ఎన్‌డీఐఏ ట్రావెల్ కోసింది.

ప్రభుత్వం మాట కూడా చెప్పాలి. 2011లో ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ ఈ స్కీమ్‌లోకి ఓ 4,10,000 మంది వస్తారని లెక్కేసింది, ఇప్పుడు 7 లక్షలు దాటేశారు, ఆరేళ్ళ మగపిల్లల్లో 16 శాతం స్కీమ్‌లో ఉన్నారని బట్లరే చెప్పాడు. మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) మీదో ప్రైవేట్ ఇన్సూరెన్స్ మీదో వచ్చేవాళ్ళ కంటే ఎన్‌డీఐఎస్ వాళ్ళ దగ్గర ఎక్కువ లాగుతున్నారని ఏజెన్సీ వాదన, అలా లాగినవాళ్ళు లేరని ఎవరూ అనరు. ఖర్చు ఇలాగే పెరిగితే స్కీమే నిలబడదంటున్నారు, అదీ ఒప్పుకోవాల్సిందే.

కానీ పిల్లలందరూ అందులోకే ఎందుకొచ్చారు? బయట ఏమీ మిగల్లేదు కాబట్టి. 2008లో కేంద్రం హెల్పింగ్ చిల్డ్రెన్ విత్ ఆటిజం అని పెట్టింది, పిల్లాడికి ఏడేళ్ళు వచ్చేలోపు వాడుకునేలా 12,000 డాలర్ల దాకా ఇచ్చేవాళ్ళు, అది ఎన్‌డీఐఎస్‌లో కలిసిపోయింది. రాష్ట్రాల టీమ్‌లు మూతపడ్డాయి. మెడికేర్‌లో జీపీ (ఫ్యామిలీ డాక్టర్) రాసిస్తే ఏడాదికి 5 సిట్టింగులు, అదీ అన్ని రకాల థెరపీలకీ కలిపి. 2023 డిసెంబర్‌లో వచ్చిన ఎన్‌డీఐఎస్ రివ్యూ కూడా ఇదే చెప్పింది, స్కీమ్ బయట ఫౌండేషనల్ సపోర్ట్స్ (ప్రాథమిక సాయం) కట్టండి, ఖర్చు కేంద్రం, రాష్ట్రాలు కలిసి పెట్టుకోండి అని. థ్రైవింగ్ కిడ్స్ అందులోంచి వచ్చిందే. చైల్డ్ కేర్‌లో, స్కూల్లో, ఇంటి దగ్గర, టీమ్‌గా, డయాగ్నసిస్ కోసం ఆగకుండా సాయం చేస్తామంటున్నారు, అంటే 2018లో మూసేసిన దాన్ని వేరే బోర్డు పెట్టి మళ్ళీ తెరుస్తున్నారు.

తెరవడానికి మనుషులు కావాలి. అప్పటి సీనియర్లలో కొందరు రిటైరయ్యారు, కొందరు సొంత ప్రాక్టీసు పెట్టుకున్నారు, రాష్ట్రం జీతానికి మళ్ళీ వస్తారో రారో తెలీదు. హైదరాబాద్‌లోనో మైసూర్‌లోనో బీఏఎస్‌ఎల్‌పీ (స్పీచ్ థెరపీ డిగ్రీ) చేసి ఆస్ట్రేలియా చూస్తున్నవాళ్ళు ఈ వార్తలు చదివి ఉద్యోగాలు ఊడిపడతాయని అనుకోవద్దు, స్పీచ్ పాథాలజీ ఆస్ట్రేలియా అనే వృత్తి సంఘం అసెస్‌మెంట్ దాటాలి, దాటాక ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు సూపర్‌విజన్ వారానికి ఎన్ని గంటలు, ట్రావెల్ టైమ్‌ని బిల్లబుల్ టార్గెట్‌లో (బిల్లు చేయాల్సిన గంటల్లో) ఎలా లెక్కేస్తారు, ఈ రెండూ అడగాలి.

ఇక పేరెంట్స్‌కి ఒక విషయం. టెంపరరీ వీసా మీదున్న కుటుంబాల పిల్లలకి ఎన్‌డీఐఎస్ ఎప్పుడూ లేదు, అది సిటిజన్లకి, పీఆర్ వాళ్ళకి, ప్రత్యేక కేటగిరీలో ఉన్న న్యూజిలాండ్ వాళ్ళకే. మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్‌లో, పాయింట్ కుక్‌లో వర్క్ వీసా మీద ఉంటూ ప్రతి సిట్టింగ్‌కీ జేబులోంచి కట్టుకుంటున్న మనవాళ్ళకి ఎన్‌డీఐఎస్‌లోంచి ఎవర్ని తీసేస్తారు అన్నది ప్రశ్నే కాదు, కొత్త ప్రోగ్రామ్‌కి రాష్ట్రాలు వీసా కండిషన్ పెడతాయా లేదా అన్నదే ప్రశ్న. లోకల్ ఎంపీకి ఈమెయిల్ పెట్టేవాళ్ళు ముందు అది అడగండి.