ఇంటర్నెట్ నిర్ణయాల్లో మామూలు జనానికి చోటెంత?

విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా ఇవాళ ఇంటర్నెట్ లేకుండా వ్యాపారం సాగదు. దాని నియమాలు ఎవరు రాస్తారన్నది మాత్రం మన దగ్గర చర్చకే రాదు. వాడేవాళ్లకు ఒకప్పుడు నేరుగా ఓటు ఉండేదంటే చాలామంది నమ్మరు.

వెబ్ చిరునామాల వ్యవస్థను చూసే సంస్థ ఐకాన్ (ICANN) 1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏర్పడింది. ప్రపంచమంతా వాడేదాన్ని కొద్దిమంది ఎలా నడుపుతారన్న ప్రశ్న మొదట్లోనే వచ్చింది. దాంతో 2000లో ఆన్‌లైన్ ఎన్నిక పెట్టారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లు ప్రాంతానికొకరు చొప్పున ఐకాన్ బోర్డుకు ఐదుగురు డైరెక్టర్లను ఎన్నుకున్నారు. ఆసియా-పసిఫిక్ నుంచి జపాన్‌కు చెందిన మసనోబు కాటో గెలిచారు. ఓటేసింది సుమారు 34 వేల మందే. కొన్ని దేశాలవాళ్లు పోటీపడి పేర్లు చేర్పించారన్న విమర్శ కూడా వచ్చింది. నిజమే, లోపాలున్నాయి. వాటిని సరిచేయడం మానేసి 2002 సంస్కరణల్లో ఎన్నికనే ఎత్తేశారు. అన్యాయం అక్కడే జరిగింది. బదులుగా వినియోగదారులకు 15 మంది సలహా కమిటీ దక్కింది. 2010లో బోర్డులో ఒక్క సీటు ఇచ్చారు. ఆ బోర్డులో ఓటు హక్కున్న డైరెక్టర్లు మొత్తం 16 మంది.

ఐక్యరాజ్యసమితి 2006లో మొదలుపెట్టిన ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం 2008లో మన హైదరాబాద్‌కే వచ్చింది. అక్కడ ఎవరైనా మాట్లాడొచ్చు, కానీ నిర్ణయాలు చేసే అధికారం ఆ వేదికకు లేదు.

జనం మాట చెల్లిన సందర్భమూ ఉంది. 2015 మార్చిలో దేశ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఇంటర్నెట్ సేవల నియంత్రణపై 118 పేజీల ఇంగ్లిష్ పత్రం విడుదల చేసి, 20 ప్రశ్నలకు జవాబులడిగింది. మామూలు మనిషి చదివే పత్రం కాదది. కొందరు స్వచ్ఛందంగా దాన్ని తేలిక చేసి, జవాబులు సిద్ధంగా పెట్టారు. పది లక్షలకు పైగా ఇమెయిళ్లు వెళ్లాయి. 2016 ఫిబ్రవరి 8న, వెబ్‌సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదని ట్రాయ్ తేల్చింది. దారి చూపిస్తే జనం ముందుకొస్తారనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

మన రాష్ట్రంలో ఆ దారి ఇంకా పడలేదు. 2022 మేలో అల్లర్ల తర్వాత కోనసీమలో నెట్ ఆపేశారు. అప్పటి 2017 నిబంధనల ప్రకారమైనా, వాటి స్థానంలో 2024లో వచ్చినవాటి ప్రకారమైనా రాష్ట్రంలో అలాంటి ఉత్తర్వు ఇచ్చేది హోం శాఖ కార్యదర్శి, దాన్ని సమీక్షించేది ప్రధాన కార్యదర్శి, మరో ఇద్దరు కార్యదర్శులు ఉండే కమిటీ. నెట్ ఆగిన రోజు బేరం పోయే చిరువ్యాపారి తరఫున మాట్లాడే మనిషి ఆ కమిటీలో లేడు. వెలగపూడి సచివాలయం విజయవాడకూ గుంటూరుకూ కూతవేటు దూరమే. ఇక్కడి వినియోగదారుల సంఘాలు ముందుగా అడగాల్సింది ఆ కమిటీలో ఒక చోటు, నిబంధనల ముసాయిదాలు తెలుగులో.