సీమ బడిలో బెత్తం, ఫ్యాక్షన్, మధ్యలో మౌనం

హింస గురించి పిల్లలతో మాట్లాడటం కూడా చదువులో భాగమేనని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. దాని కోసం శాంతి విద్య మీద ప్రత్యేకంగా ఒక పత్రం కూడా తయారైంది. కర్నూలు, కడప, అనంతపురం టీచర్లకు ఈ మాట వినగానే ఫ్యాక్షన్ గుర్తొస్తుంది. అంతకంటే ముందు మాట్లాడాల్సిన హింస బడిలోనే ఉంది. దానికి రెండు వందల ఏళ్ల కిందటి లిఖిత సాక్ష్యం కూడా ఉంది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ఊరి బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. మన్రో సీమకు కొత్తవాడేం కాదు. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాక ఇక్కడ పాలెగాళ్ల బలాన్ని అణచింది ఆయనే. బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. అనంతపురం అప్పట్లో బళ్లారి జిల్లాలోనే ఉండేది, 1882లో విడిపోయింది. జిల్లా మొత్తానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆయన లెక్క.

అందులో ఒక పద్ధతిని ఆయన వివరంగా రాశాడు. పొద్దున అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చే ఒక్కొక్కరికీ ఒక్కో దెబ్బ ఎక్కువ. సోమరి పిల్లలను కొడతారు, రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీస్తారు. మన పెద్దవాళ్లు కోదండం అన్నది దీన్నే. గుంజీలు కూడా ఉన్నాయి. అవి బాధాకరమే గానీ ఒంటికి మంచిదేమో అని కలెక్టర్ వ్యాఖ్య. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చదువు చెప్పే పద్ధతిని ఇదే నివేదికలో ఆయన మెచ్చుకున్నాడు కూడా. కానీ ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి ఎందుకు ఆలస్యమైందని అడిగే చోటే ఆ దెబ్బల లెక్కలో లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

తర్వాత చట్టాలు వచ్చాయి. 1986 జాతీయ విద్యా విధానం దండనను బడి నుంచి తొలగించాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ కాదంది. 2002 నిషేధం వచ్చాక కూడా, 2007లో కేంద్రం బయటపెట్టిన అధ్యయనంలో బడికెళ్లే పిల్లల్లో దాదాపు 65 శాతం మంది తాము దెబ్బలు తిన్నామని చెప్పారు. అధ్యయనం జరిగిన 13 రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 'కొట్టయినా సరే చదువు చెప్పండి సార్' అనే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు.

ఇక ఫ్యాక్షన్ సంగతి. కక్షలున్న ఊళ్లో రెండు వర్గాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు. తండ్రిని పోగొట్టుకున్న పిల్ల, ఆ కేసులో ముద్దాయి కొడుకు ఒకే తరగతిలో ఉండొచ్చు. టీచర్‌కు టెన్షన్ ఉండటం సహజం, నోరు మెదపకపోవడాన్ని తప్పుపట్టలేను. ఆ మౌనంలోకి సినిమాలు వచ్చాయి. 1990ల చివరి నుంచి వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ కథలు వేటకొడవలిని హీరో చేతిలో పెట్టాయి. సీమ పిల్లలు తమ ఊరి గురించి విన్న మొదటి పాఠం చాలాసార్లు అదే.

నా అభిప్రాయంలో మొదలుపెట్టాల్సింది ఫ్యాక్షన్‌తో కాదు. క్యాంప్‌బెల్ నివేదిక ఏ వర్గానికీ చెందదు, ఎవరినీ నొప్పించదు. పదో పిల్లవాడికి ఎన్ని దెబ్బలు పడతాయో లెక్క కట్టమంటే ఎనిమిది అని పిల్లలే చెబుతారు. అతను ఏ ఊరి నుంచి నడిచి వచ్చాడో, ఇంట్లో ఏం పని చేసి వచ్చాడో ఊహించమనాలి. తర్వాత తమ బడి గురించి అడగాలి, అప్పటికి టీచర్ చేతిలో బెత్తం ఉండకూడదు. ఊరి గొడవలకు రావడం ఆ తర్వాతే, పేర్లు లేకుండా. 'మా ఇంటి గొడవలు బడిలో ఎందుకు' అని ఎవరైనా రావచ్చు. కాబట్టి హెడ్మాస్టర్‌తోనూ, తల్లిదండ్రుల కమిటీతోనూ ముందే మాట్లాడి పెట్టుకోవాలి.