కుష్ఠు మందు వేస్తుంటే మచ్చలు ఉబ్బితే: అపోహలు, వాస్తవాలు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ, అంకీస వైపు కుష్ఠు మందు మొదలుపెట్టిన కొందరికి కొన్ని నెలలకు పాత మచ్చలు ఎర్రబడి ఉబ్బుతాయి, మోచేతి వెనక నరం నొప్పి పుడుతుంది. మందు పడలేదని ఇంట్లోవాళ్లు మాత్రల షీటు పక్కన పెట్టిస్తారు. వేళ్లు వంకరపోవడానికి దారి అక్కడే పడుతుంది.

అపోహ: మందు వికటించింది.

వికటించలేదు. కుష్ఠు క్రిమి ఒకటి రెండు కావడానికే దాదాపు రెండు వారాలు పడుతుంది. చచ్చినా దాని ముక్కలు చర్మంలో, నరాల్లో చాలాకాలం మిగిలే ఉంటాయి. ఒంటి రక్షణ కణాలు ఒక్కసారిగా ఆ ముక్కల మీద పడితే అక్కడ వాపు వస్తుంది. నరం చుట్టూ ఉన్న తొడుగు సాగదు కాబట్టి లోపలి వాపు నరాన్నే నొక్కేస్తుంది. ఇదే మొదటి రకం రియాక్షన్. మందు మొదలవకముందు రావచ్చు, కోర్సు అయిపోయాకా రావచ్చు. ఎండీటీ (రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ కలిపి ఇచ్చే కుష్ఠు మందు) ఆపితే క్రిమి మిగిలిపోతుంది, వాపు మాత్రం తగ్గదు.

రెండో రకం వేరు. క్రిములు ఎక్కువగా ఉన్నవాళ్లకు జ్వరంతో పాటు నొప్పి పెట్టే ఎర్ర గడ్డలు, కీళ్ల నొప్పులు వస్తాయి. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే అదే రోజు దవాఖానకు పోవాలి.

నెలకోసారి వేసే రిఫాంపిసిన్‌తో మూత్రం ఎర్రగా రావడం, క్లోఫాజిమిన్‌తో చర్మం నల్లబడటం రియాక్షన్లు కావు. మందు ఆపొద్దన్న మాటకు మినహాయింపు ఒకటుంది. మొదటి రెండు నెలల్లో జ్వరంతో ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే అది డాప్సోన్ పడకపోవడం కావచ్చు. అప్పుడు మాత్రలు ఆపి వెంటనే వెళ్లాలి.

అపోహ: రోగనిరోధక శక్తి పెంచే పొడులు, కషాయాలు తాగితే నయమవుతుంది.

ఇక్కడ నరాన్ని పాడుచేసేది అదుపు తప్పిన రక్షణే. ఒంట్లో మంట రేపే టీఎన్‌ఎఫ్ లాంటి సంకేతాలూ ఉంటాయి, దాన్ని అణచే ఐఎల్-10 లాంటివీ ఉంటాయి. కణాల రక్షణ గట్టిగా ఉన్నవాళ్లకు మచ్చలు కొన్నే. అది బలహీనమైన చోట క్రిములు విపరీతం, యాంటీబాడీలు దండిగా ఉన్నా వాటిని ఆపలేవు. ఈ రెంటికీ నడుమ ఉన్నవాళ్లలోనే మొదటి రకం రియాక్షన్ ఎక్కువ. గర్భంలో కొంత అణిగి ఉండే కణాల రక్షణ కాన్పు తర్వాత తిరిగి లేస్తుంది కాబట్టి, కుష్ఠు ఉన్న బాలింత చేతులూ కాళ్లూ ఆ నెలల్లో తప్పక పరీక్షించాలి.

అపోహ: నొప్పి తగ్గితే ప్రెడ్నిసొలోన్ ఆపేయొచ్చు.

ప్రెడ్నిసొలోన్ అంటే రియాక్షన్‌లో వాపు తగ్గించడానికి ఇచ్చే స్టెరాయిడ్ మాత్ర. ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. సాధారణంగా పొద్దున తిన్నాక 40 మి.గ్రా.తో మొదలుపెట్టి, రెండేసి వారాలకు 30, 20, 15, 10, 5 చొప్పున తగ్గిస్తారు. అంటే 12 వారాలు. నరం దెబ్బతింటే ఇంకా ఎక్కువ కాలం. మెడికల్ షాపులో కొన్న అయిదు రోజుల మాత్రలు నొప్పిని తీస్తాయి, నరంలో వాపు అలాగే ఉంటుంది. చాలా వారాలు వాడి హఠాత్తుగా మానితే నీరసం, వాంతులు, కళ్లు తిరగడం వస్తాయి. ఒళ్లు తానుగా చేసుకునే స్టెరాయిడ్ అప్పటికి మందగించి ఉంటుంది. మొదలుపెట్టే ముందు బీపీ, షుగర్ చూడాలి, టీబీ లేదని తేల్చుకోవాలి, కడుపులో నులిపురుగులు పోయే మాత్ర వేయాలి.

అపోహ: నొప్పి లేకపోతే నరం బాగున్నట్టే.

నొప్పి లేకుండానే నరం చచ్చిపోవచ్చు. నెలకోసారి ఇంట్లోనే చూసుకోండి. కళ్లు మూసుకుని అరచేతిలో, అరికాలిలో బాల్ పెన్ మొన తాకితే తెలుస్తోందా? చిటికెన వేలు పక్కకు చాపి ఎవరైనా నొక్కితే నిలుస్తోందా? అరచేయి పైకి పెట్టినప్పుడు బొటనవేలు నిటారుగా లేస్తోందా? పాదం పైకెత్తగలరా? కన్ను పూర్తిగా మూతపడుతోందా? తేడా వచ్చి ఆరు నెలలు దాటకపోతే స్టెరాయిడ్‌తో తిరిగి వచ్చే అవకాశం బాగుంటుంది. దాటితే కష్టం.

మిరప ఏరడానికి ఖమ్మం వైపు వెళ్లేవాళ్లు ఉండబోయే నెలలకు సరిపడా ఎండీటీ షీట్లు ముందే అడిగి తీసుకోవాలి. అది ఉచితం. ప్రెడ్నిసొలోన్ అయితే ఏ తేదీ నుంచి ఎన్ని మాత్రలో చీటీ మీద తెలుగులో రాయించుకోవాలి.